ఎడమ సీటు పని

ఢిల్లీలో డ్రైవరు పక్క సీటులో కూర్చున్న మనిషికి ఒక పని ఉంటుంది. ఎడమవైపు చూసి చెప్పాలి. ఇరుకు సందుల్లో తిరిగే చాలా కార్లకు ఎడమ అద్దం మడిచే ఉంటుంది. తెరిచి ఉంచితే స్కూటర్లూ ఈ-రిక్షాలూ దాన్ని ఎక్కువ కాలం బతకనివ్వవు. అందుకని లేన్ మారేటప్పుడు, సర్వీసు రోడ్డు నుంచి మెయిన్ రోడ్డెక్కేటప్పుడు, రెండు కార్ల మధ్య బండి దూర్చేటప్పుడు ఆ సీటులోని మనిషి మెడ తిప్పి చూసి “రానీ” అనో “ఆగు” అనో “బస్సుంది” అనో చెబుతాడు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పరు. కూర్చోగానే పని మొదలవుతుంది. అది మరిచిపోయి ఫోను చూసుకునేవాళ్లు మర్నాటి నుంచి వెనక సీటులో కూర్చుంటారు.

ఈ పని నేను వైశాలిలో మా బిల్డింగ్ నాలుగో అంతస్తులో ఉండే ఒక కరీంనగర్ అన్న కారులో చేశాను. దానివల్ల నాకు రోజూ పొద్దున గంటన్నర తెలుగు దొరికింది. ఆ గంటన్నర నిలబెట్టుకోవడానికి కారు నడపడం రెండోసారి నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదటిసారి నేర్చుకున్నది మస్కట్‌లో. అక్కడ ఐదేళ్లు నీటి పంపుల సైటు ఇంజనీరుగా పనిచేశాను. నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో డ్రైవింగ్ స్కూలు ద్వారా తీసుకున్న లైసెన్సు ఒకటి ఉంది గానీ, ఆ స్కూలు కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా క్లచ్చూ బ్రేకూ ఉండేవి. బండి ఎక్కువగా ఆయనే నడిపాడు, నేను స్టీరింగ్ పట్టుకున్నాను. మస్కట్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, బండ్లు రోడ్డుకు కుడివైపు పోతాయి. పైగా కంపెనీ నాకిచ్చిన కారు ఆటోమేటిక్. ఈ మూడూ ఐదేళ్లలో నా ఒంట్లో ఇంకిపోయాయి. అక్కడి ఫ్లాటులో నలుగురం తెలుగువాళ్లం ఉండేవాళ్లం. వంట వంతుల గురించి పోట్లాడుకోవడానికైనా నోరు ఆడుతూ ఉండేది.

గుర్గావ్‌లో డిజైన్ ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరాక నా నోటికి పని తగ్గింది. అద్దె అందుబాటులో ఉందని, మెట్రో స్టేషన్ నడిచి వెళ్లేంత దూరమని వైశాలిలో చిన్న ఫ్లాటు తీసుకున్నాను. ఆఫీసులో పని ఇంగ్లీషులో, భోజనాల దగ్గర కబుర్లు హిందీలో. నా హిందీ అర్థం చేసుకోవడానికి సరిపోతుంది, జోకు వేయడానికి చాలదు. వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను, కొంచెం ఆలస్యంగా. మెట్రోలో ఎవరి చెవుల్లో వాళ్ల ఇయర్‌ఫోన్లు. ఇంటికి ఫోను కూడా మెసేజీల్లోకి దిగిపోయింది. ఒక ఆదివారం సాయంత్రం పాలు కొనడానికి కిందికి దిగి “భయ్యా, ఏక్ లీటర్” అనబోతే గొంతు బొంగురుగా వచ్చింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. మెట్లెక్కుతూ గుర్తు చేసుకుంటే, శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చాక నేను పైకి అన్న మొదటి మాట అదే.

తర్వాత కొన్నాళ్లకు లిఫ్టులో నలభై దాటిన ఒకాయన ఫోనులో ఎవరితోనో, “గదేందే, గిప్పుడు నేనేడికెళ్లి తేవాలె,” అంటున్నాడు. నా ఫ్లాటు ఐదో అంతస్తులో. ఆయన నాలుగులో దిగితే నేనూ నాలుగులో దిగిపోయాను. ఆయన ఫోను పెట్టేసేదాకా వరండాలో నిలబడి, నేనూ తెలుగేనండీ అని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమని నేనేదో దాచినట్టు అడిగాడు. ఆయనదీ గుర్గావ్‌లోనే ఉద్యోగం, సాఫ్ట్‌వేరు. రోజూ కారులో వెళతాడట. దారిలో మయూర్ విహార్‌లో ఒక మేడమ్‌ను ఎక్కించుకుని లోధీ రోడ్డులో ఆవిడ ఆఫీసు దగ్గర దింపుతాడట. ఇంతకుముందు ఇంకొకతను ఉండేవాడు, చిత్తూరు వైపు మనిషి, హైదరాబాద్‌కు మారిపోయాడు. సీటు ఖాళీ. సాయంత్రాలు మాత్రం ఎవరి టైము వాళ్లది, ఎవరి దారి వాళ్లది. పొద్దున ఒక్క ప్రయాణమే కలిసి.

సోమవారం నుంచి ఎక్కాను.

మేడమ్ గుంటూరు వైపు ఆవిడ. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఇంకొన్నేళ్లలో రిటైరవుతుంది. భర్తకు వేరే రాష్ట్రంలో పోస్టింగు. ఆవిడకు కారు నడపడం రాదు. దానికి బదులుగా టిఫిన్ తెస్తుంది. ఒక పెద్ద స్టీలు డబ్బా, అందులో ఇడ్లీయో, ఉప్మాయో, దిబ్బరొట్టె ముక్కలో. బండి నిజాముద్దీన్ బ్రిడ్జి ఎక్కగానే వెనక సీటులో డబ్బా మూత తెరుచుకునేది. దానితోపాటు వాదనా తెరుచుకునేది. నేను చేరేనాటికి నడుస్తున్న వాదన గోంగూర గురించి. ఐఎన్ఏ మార్కెట్లో మన కూరగాయలమ్మే దుకాణంలో దొరికే ఆకు గోంగూరే అని అన్న అంటాడు, కాదని మేడమ్. ఆయన దాన్ని పుంటికూర అంటాడు. పేరు ఏదైనా పులుపు ఉండాలి కదయ్యా, అది ఉత్త ఆకు, అని ఆవిడ. ఈ వాదన వారాల తరబడి సాగింది. మధ్యలో ఆఫీసు సంగతులు, పిల్లల చదువులు, అన్న మేనేజరు వచ్చిపోయేవి గానీ తిరిగి తిరిగి గోంగూర దగ్గరికే చేరేవాళ్లం. నెల్లూరు సంగతేమిటని వాళ్లు నన్ను అడిగారు. నేను ఇద్దరికీ నచ్చని సమాధానమేదో చెప్పాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఆ రోజు ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఉత్సాహంగా పనిచేశాను.

అందరికన్నా ముందు ఎక్కేది నేను కాబట్టి ఎడమ సీటు నాది. ఆ పని నాకు విచిత్రంగా బాగా వచ్చింది. కారణం సులభం. నా ఒళ్లు ఆ సీటును ఇంకా డ్రైవరు సీటనే అనుకుంటోంది. బండి ఎడమ అంచు ఎక్కడుందో, ఫుట్‌పాత్ రాయికి ఎంత దూరముందో, పక్కనుంచి దూరే బైకు హ్యాండిల్ తగులుతుందో లేదో నాకు చూడకుండానే తెలిసేది. అన్న బ్రేకు వేయడానికి ముందే నా కుడి పాదం కింది మ్యాటును తొక్కేది. ఆశ్రమ్ చౌరస్తాలో రెండు బస్సుల మధ్య నుంచి “రానీ, రానీ, ఇంకా జానెడు ఉంది” అని చెప్పి బయటికి తెచ్చినప్పుడు అన్న స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు.

“తమ్మీ, నువ్వు గా సీట్ల కూసుంటే నాకు అద్దమే అవుసరం లేదు.”

ఢిల్లీ వచ్చాక నన్నెవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

అయితే ఆ సీటుకు ఒక షరతు ఉంది. వెళ్లిపోయిన చిత్తూరతనూ అన్నా ఒక్కో వారం ఒక్కొక్కరు తమ బండి తీసేవాళ్లట. నేను కూర్చున్నది నిజానికి డ్రైవరు ఖాళీ చేసిన చోటు. దసరా ముందర ఒక రోజు సిగ్నల్ దగ్గర అన్న మోకాలు నొక్కుకుంటూ విషయం చెప్పాడు.

“క్లచ్ తొక్కి తొక్కి నా మోకాలు అరిగిపోయింది. దీపావళి దాంక నేనే నడుపుత. తర్వాత ఒక వారం నాది, ఒక వారం నీది. నీతోని కాదంటే ఇప్పుడే చెప్పు తమ్మీ, తప్పేం లేదు. పక్క టవర్ల అంకుల్ అడుగుతుండు. ఆయనకు బండుంది.”

పక్క టవరు అంకుల్‌ది లక్నో వైపు. మంచివాడే. ఆయన ఎక్కితే కారులో మాటలు హిందీ అవుతాయి, నేను తిరిగి మెట్రోకి వెళతాను. మేడమ్ వెనక నుంచి ముందుకు వంగింది.

“ఆయనొస్తే ఇక్కడా హిందీయేనా? ఇంట్లో నేను తెలుగులో అడిగితే పిల్లలు హిందీలో చెప్తారు. ఆఫీసు సంగతి సరేసరి. నువ్వు నడుపు అబ్బాయ్. నీకేం, ఇంజనీరువి.”

“నడపడం వచ్చు మేడమ్. కాకపోతే అటువైపు వచ్చు,” అన్నాను.

“ఎటువైపు?”

వివరంగా చెప్పాను. అన్న చాలాసేపు నవ్వాడు. “అంటే గిన్ని రోజులు నువ్వు గా పక్కకెల్లి నా బండి నడుపుతున్నవన్నట్టు. గందుకే మ్యాట్ గట్ల తొక్కుతున్నవ్.”

ఆ నెలలోనే చేతులు మారిన ఒక చిన్న కారు తీసుకున్నాను. మాన్యువల్ గేర్లు. ఆటోమేటిక్‌వి నాకు అందేలా లేవు, దొరికినవాటిలో ఇదే శుభ్రంగా ఉంది. మొదటి రోజు పొద్దున్నే పార్కింగుకు వెళ్లి, తలుపు తీసి, కూర్చుని, సీటు బెల్టు పెట్టుకున్నాక ఎదురుగా స్టీరింగ్ లేదు. సొసైటీ గార్డు టీ గ్లాసుతో అటుగా వచ్చి వంగి చూశాడు.

“సాబ్, డ్రైవర్ ఆ రహా హై క్యా?”

డ్రైవరు వస్తున్నాడన్నట్టు తల ఊపాను. సరేనని అతను అక్కడే నిలబడి టీ తాగాడు. నేను డాష్‌బోర్డు అర తెరిచి పాత యజమాని వదిలేసిన ఇన్సూరెన్స్ కాగితాలు చదివాను. అతను గేటు దగ్గరికి వెళ్లిపోయాక దిగి, చుట్టూ తిరిగి వచ్చి అటువైపు ఎక్కాను.

నేర్చుకోవాల్సినవి మనసులో వరుసగా పెట్టుకున్నాను. అలా పెట్టుకోవడం నా అలవాటు, సైటులో పంపు బిగించేటప్పుడైనా అంతే. మొదట అనుకున్నది ఏమిటంటే, అంతా అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది, కాబట్టి అన్నిటినీ తిప్పి ఆలోచిస్తే చాలు. అది తప్పని మొదటి ఉదయమే తెలిసింది. చేతులు తిరగబడ్డాయి, కాళ్లు తిరగబడలేదు. క్లచ్చు ఎడమ, బ్రేకు మధ్య, యాక్సిలరేటరు కుడి, ఏ దేశంలోనైనా ఇంతే. ఐదేళ్లు ఆటోమేటిక్‌లో నిద్రపోయిన ఎడమ పాదం లేచి, తనకు తెలిసిన ఒకే ఒక పని చేసేది: పూర్తిగా తొక్కడం, లేదా పూర్తిగా వదిలేయడం. వదిలినప్పుడల్లా బండి ముందుకు ఎగిరి ఆగిపోయేది. గేరు మార్చాలనుకున్నప్పుడు కుడి చెయ్యి వెళ్లి తలుపుకు తగిలేది. ఆ వేలి కణుపుల మీది తోలు చాలా రోజులు మానలేదు. మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని ఎడమచేతి పుల్ల లాగితే పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ తిరిగేవి.

తెల్లవారుజామున వైశాలి సెక్టార్ల వెనక రోడ్ల మీద తిరిగేవాణ్ణి. ఒక రోజు పార్కు దగ్గర కుడికి తిరిగాను, తిరిగి అలవాటుగా కుడివైపు లేన్‌లోకి వెళ్లిపోయాను. వేరే ఊళ్లోనైతే ఎదురొచ్చేవాళ్లు తిడతారు, మనకు తెలిసిపోతుంది. అక్కడ ఎవరూ తిట్టలేదు. కూరగాయల టెంపో నాకు దారిచ్చి పక్కనుంచి పోయింది. స్కూలు వ్యాను లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పింది, అంతే. ఆ రోడ్డు మీద పెద్ద మలుపు తిరగడానికి బద్ధకించి ఎదురు వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, నన్నూ వాళ్లలో ఒకణ్ణి అనుకున్నారు. కొంత దూరం పోయాక దారి బోర్డులు ఒక్కటీ చదవలేకపోతున్నానని గమనించాను. అన్నిటి వెనకవైపు రేకే కనిపిస్తోంది. అప్పుడు తెలిసింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని చాలా అనిపించింది. కారు పక్కకు ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ టైములో లేపి చెప్పగలిగినంత దగ్గరివాళ్లు నాకు ఆ ఊళ్లో లేరు. పైగా అన్నకో మేడమ్‌కో చెబితే నా సీటు పోతుంది.

అన్నిటికన్నా లొంగనిది ఎడమ. ఎడమవైపు కూర్చుని నడిపేవాడి ఒళ్లు లేన్ మధ్యకు కాస్త ఎడమగా ఉంటుంది, బండి వెడల్పంతా అతని కుడి పక్కన ఉంటుంది. అదే మనిషి కుడివైపు సీటులోకి మారి, తన ఒళ్లును మాత్రం పాత చోటనే ఉంచితే, బండి వెడల్పంతా ఎడమకు జరిగి లేన్ దాటిపోతుంది. నాకు జరిగింది ఇదే. నేను తిన్నగా పోతున్నాననుకునేవాణ్ణి, ఎడమ చక్రం మాత్రం ఫుట్‌పాత్ రాళ్లను గీరుతూ పోయేది. లెక్క అర్థమైనంత మాత్రాన ఒళ్లు వినదు. ఖాళీ స్థలంలో రాళ్లకు సరిగ్గా అడుగు దూరంలో బండి నిలిపి, డ్రైవరు సీటు నుంచి చూస్తే ఆ రాళ్ల అంచు ముందు అద్దాన్ని ఎక్కడ తాకుతుందో చూసి అక్కడ ఎర్ర టేపు ముక్క అంటించాను. తిన్నగా కూర్చున్నంతసేపు అది పనిచేసింది. కాస్త ముందుకు వంగితే టేపు ముక్క ఒక చోట, రాయి ఒక చోట. భయపడితే నేను ముందుకు వంగుతాను. అంటే అవసరమైనప్పుడల్లా అది పనికిరాకుండా పోయేది.

దీపావళి పొగ ఇంకా విడవకముందే నా మొదటి వారం వచ్చింది. అన్న మోకాలు చాపుకోవాలని వెనక సీటు మొత్తం తీసుకున్నాడు. అందువల్ల మయూర్ విహార్‌లో ఎక్కిన మేడమ్‌కు ఎడమ సీటు, దానితోపాటు ఆ పనీ వచ్చాయి. ఆవిడ కొంగు సర్దుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, తలుపు పైనున్న పిడి పట్టుకుంది. “నేను చెప్తాగా, కంగారు పడమాక,” అంది. ఆ తర్వాత నిజంగానే అన్నీ చెప్పింది. ఆటో ఉంది, ఆగు. రానీ. రానీ. అమ్మో, అటు కాదు, ఇటు జరుగు. సరాయ్ కాలే ఖాన్ దగ్గర లేన్ మారబోతూ వైపర్లు వేశాను.

“ఏం తమ్మీ, వాన పడ్తదా ఇయ్యాల?” అన్నాడు అన్న వెనక నుంచి.

ఆ వారం మొత్తంలో కారులో వేసిన జోకు అదొక్కటే. మిగతా దారంతా అన్న కూడా ముందుకు వంగి రోడ్డే చూశాడు. నిజాముద్దీన్ బ్రిడ్జి వచ్చింది, పోయింది, డబ్బా మూత తెరుచుకోలేదు. లోధీ రోడ్డులో దిగేటప్పుడు మేడమ్ దాన్ని అలాగే ఆఫీసులోకి పట్టుకుపోయింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. గోంగూర ఊసే లేదు. నేనూ మాట్లాడలేకపోయాను. మాట మొదలుపెడితే పాదం మరిచిపోతుంది. నేను ఏ మాటల కోసం ఈ కారు కొన్నానో అవి నా కారులో లేవు. వాళ్లు పక్క టవరు అంకుల్ పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ వినిపించింది. అన్న వారం రాగానే బ్రిడ్జి ఎక్కీ ఎక్కకముందే డబ్బా తెరుచుకుంది, ఇద్దరూ వారం రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు మాట్లాడారు.

కాబట్టి నాకు ఒక కొలత దొరికింది. క్లచ్చు ఎంత నున్నగా వదిలాను, రాళ్లకు ఎంత దూరంలో పోయాను అన్నవి కాదు. డబ్బా ఎక్కడ తెరుచుకుంటుంది అన్నది.

నిజానికి నేను నేర్చుకున్నది సాయంత్రాల్లో. నా వారంలో తిరుగు ప్రయాణం ఒంటరిగా. గుర్గావ్ నుంచి ధౌలా కువాన్, ఎయిమ్స్, ఆశ్రమ్ మీదుగా వైశాలి దాకా ఎడమ సీటు ఖాళీ. చెప్పేవాళ్లు లేరు. మడిచి ఉన్న ఎడమ అద్దాన్ని తెరిచాను, ఒక బైకు దాన్ని మూసింది, మళ్లీ తెరిచాను. మొదట్లో మేడమ్ చెప్పే మాటలు నేనే చెప్పుకుంటూ నడిపాను, “రానీ, రానీ” అని పైకే అనుకుంటూ. కిటికీ పక్కన ఆగిన బైకతను ఒకడు నన్ను చూసి, ఫోనులో మాట్లాడుతున్నాననుకుని చూపు తిప్పుకున్నాడు. క్రమంగా ఆ మాటలు పైకి అనడం మానేశాను. తర్వాత లోపల కూడా అనడం మానేశాను. అద్దం, భుజం మీదుగా ఒక చూపు, ఇండికేటర్, గేరు. ఎర్ర టేపు ముక్క ఎండకు ఊడిపోయింది, ఎప్పుడు ఊడిందో కూడా నేను గమనించలేదు.

నా రెండో వారంలో డబ్బా ఎయిమ్స్ దాటాక తెరుచుకునేదేమో గానీ, మేడమ్ అంతకు ముందే దిగిపోతుంది. మూడో వారంలో ఒక గురువారం, బ్రిడ్జి మీద కాకపోయినా బ్రిడ్జి దిగాక, ట్రాఫిక్ ఆగినప్పుడు మూత తెరుచుకుంది. ఆవిడ నా చేతికి ఇడ్లీ ఇవ్వబోయి, మళ్లీ ఆలోచించి, దాన్ని వెనక్కి అన్నకు ఇచ్చింది. “నువ్వు ముందు నడుపు,” అంది. అయినా నాకు చాలా సంతోషమైంది.

అదే రోజుల్లో మరొకటి జరిగింది. అన్న వారంలో నేను ఎడమ సీటులో ఉన్నాను. మలుపు దగ్గర నేను “రానీ” అన్నాను, అన్న తిప్పాడు, వెంటనే ఆగాడు. సైకిలుకు గ్యాస్ సిలిండర్లు కట్టుకుని ఒకాయన మా తలుపు పక్కనే ఉన్నాడు. తగల్లేదు. నేను ఆయన్ని చూశాను, కానీ దూరం తప్పు లెక్కేశాను. ఇప్పుడు ఆ సీటులో నుంచి బండి అంచు నాకు తెలియడం లేదు. నా ఒళ్లు అటుపక్కకు మారిపోయింది.

“గిదేంది తమ్మీ, ముందుగాల మస్తు చెప్పేటోడివి,” అన్నాడు అన్న. మర్నాటి నుంచి మెల్లగా తన ఎడమ అద్దం తెరుచుకున్నాడు. మస్కట్ నుంచి తెచ్చుకున్నవాటిలో వాళ్లకు పనికొచ్చినది ఆ ఎడమ అంచు అంచనా ఒక్కటే ఉండేది.

జనవరిలో నా వారం. పొగమంచు రోజులు అయిపోయాయి గానీ చలి వదల్లేదు. అన్న కారులో హీటరు పాడై చాలా కాలమైంది, ఆయన వారంలో ముగ్గురం చేతులు రుద్దుకుంటూ మరింత గట్టిగా మాట్లాడుకుంటాం. నా కారు హీటరు బాగా పనిచేస్తుంది. ఆ ఆదివారం నేను ఐఎన్ఏ మార్కెట్‌కు వెళ్లి, వివాదంలో ఉన్న ఆకును కొని, ఎండు మిరపకాయలు వేయించి పచ్చడి నూరాను. మిక్సీలోనే అనుకోండి. రుచి చూశాను. పులుపు ఉంది, కానీ మన పులుపంత లేదు. అంటే ఇద్దరిదీ సగం నిజం. ఈ తీర్పు ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. ముందు సీసా మూత తీసి చెరొక వేలు నాకమనాలి, తర్వాత మాట్లాడాలి. సీసాను డాష్‌బోర్డు అరలో పెట్టాను, మేడమ్ మోకాళ్ల ఎదురుగా.

సోమవారం బ్రిడ్జి ఎక్కేలోపే డబ్బా తెరుచుకుంది. ఉప్మా. మేడమ్ రెండు చేతులూ వాడి తింది, పిడి పట్టుకోలేదు. నాకూ ఒక చెంచా అందించింది. బ్రిడ్జి దిగేసరికి మూత పడింది. ఇక చెబుదామని నోరు తెరిచి చూస్తే ఆవిడ తల సీటుకు ఆనించి కళ్లు మూసుకుంది. అద్దంలో చూశాను. అన్న మోకాలు చాపి, మఫ్లరు ముఖం మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు. వెచ్చగా ఉంది, బండి కుదుపు లేకుండా పోతోంది. మంగళవారం అంతే. బుధవారం అన్న కాసేపు మేనేజరు గురించి మొదలుపెట్టి వాక్యం మధ్యలో నిద్రపోయాడు. గురువారం నేను గొంతు సవరించుకున్నాను, ఎవరూ కదల్లేదు. అన్న కారులో ఎవరూ నిద్రపోరు. ఆయన వెనక్కి తిరిగి మాట్లాడుతూ నడుపుతాడు, గుంట చూడడు, అందరూ మేలుకుని ఉండాలి.

శుక్రవారం లోధీ రోడ్డులోకి తిరిగాను. మేడమ్ ఆఫీసు గేటు కోసం ఎడమ అంచుకు రావాలి. ఇండికేటర్ వేశాను. ఆ టిక్కుటిక్కు చప్పుడుకు, కళ్లు తెరవకుండానే, మేడమ్ నిద్రలోనే అంది.

“రానీ అబ్బాయ్, ఖాళీయే.”

అద్దం చూశాను, భుజం మీదుగా చూశాను. ఒక ఆటో, పక్కనుంచి బయటికి చాపిన ఇనుప రాడ్లతో, సరిగ్గా ఆవిడ తలుపు పక్కన పోతోంది. దాన్ని పోనిచ్చాను. తర్వాత ఎడమకు వచ్చాను. గేటు ముందు స్పీడు బ్రేకరు ఉంది. కొంచెం వేగంగా ఎక్కిస్తే ఇద్దరూ లేస్తారని తోచింది. లేస్తే దిగేలోపు ఒక నిమిషమైనా దొరికేది, సీసా మూత తీయడానికి చాలు. పాదం మాత్రం ఇదేమీ పట్టించుకోలేదు. క్లచ్చు తొక్కి, మొదటి గేరులో, ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు, మెల్లగా దింపింది.

బండి ఆగాక మేడమ్ లేచి కళ్లద్దాలు వెతుక్కుంది. “అప్పుడే వచ్చేశామా? నీ బండిలో ఎక్కితే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. ఇంట్లో కూడా ఇంత బాగా పట్టదు. ఏమన్నా చెప్పాలనుకున్నావా?”

వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. “ఏం లేదు మేడమ్,” అన్నాను. ఆవిడ డబ్బా పట్టుకుని దిగి, తలుపు వేసి, గేటు వైపు నడిచింది.

అన్న గుర్గావ్ దాకా లేవడు. సోమవారం నుంచి ఆయన వారం, హీటరు లేని కారు, అందులో చెప్పొచ్చు. పచ్చడిలో నూనె బాగానే పోశాను, ఫ్రిజ్‌లో పెడితే అప్పటిదాకా పాడవదు. రెండు అద్దాలూ చూసుకుని గేరు వేశాను.